ముందు ఒక మంచి ఆరె కొనుక్కో, అమ్మలూ

అమ్మలూ, నువ్వు ఫోన్‌లో చూపించిన ఆ పెట్టె కొనకు. అరవై రకాల పనిముట్లు, పైన రంగుల బొమ్మ, చవక ధర. చూస్తే ఎవరికైనా కొనాలనే అనిపిస్తుంది. కానీ అందులో సగం నువ్వు ఎప్పటికీ ముట్టుకోవు. మిగతా సగం మెత్తటి ఇనుము, నాలుగు జానల కుట్టు పడేసరికి మొన వంగి కూర్చుంటుంది. రాయదుర్గంలో చెప్పుల డిజైను నేర్పే ఎఫ్‌డీడీఐలో సీటు వచ్చిందంటే మీ నాన్న కంటే ఎక్కువ సంబరపడింది నేనే. అక్కడ మిషన్లుంటాయి, కంప్యూటర్‌లో డిజైన్లు గీయిస్తారు, అవన్నీ నేర్చుకో. చేతికుట్టు సంగతి మాత్రం ఈ తాతను చెప్పనీ.

కుట్టు అందం సూదిలో ఉండదు, తోలు పొడిచే ఆరె వేసిన బెజ్జంలో ఉంటుంది. తోలుపనిలో సూది మొన మొండిగానే ఉండాలి. ఉన్న బెజ్జంలోంచి దారాన్ని దాటించడం వరకే దాని పని. వాడి సూది కొన్నావో, అది దారి తప్పి అవతలి దారాన్నే గుచ్చుకుంటుంది, ఇక ముందుకు రాదు, వెనక్కి పోదు. ఆరె కొనేటప్పుడు మొనను వేళ్ళ మధ్య తిప్పి చూడు. గుండ్రంగా ఉంటే వదిలెయ్. నాలుగు పలకలతో, కాస్త నొక్కినట్టున్న డైమండు ఆకారంలో ఉండాలి. గుండ్రటి మొన తోలును పక్కకి నెట్టి చిల్లు పెడుతుంది. పలకల మొన సన్నటి గాటు పెడుతుంది, దారం దాటాక ఆ గాటు దాని చుట్టూ మూసుకుంటుంది. గాట్లన్నీ ఒకే వాలులో పడితే కుట్లు వాటంతటవే ఒకే వాలులో కూర్చుంటాయి, నువ్వు ప్రత్యేకంగా చెయ్యాల్సిందేమీ లేదు.

కొత్త ఆరె చాలావరకు పదునుగా రాదు, ఖరీదు పెట్టినా సరే. సానరాయి మీద చుక్క నూనె వేసి నాలుగు పలకలూ సమంగా రుద్దు. ఆ తర్వాత పాత బెల్టు ముక్కకి గరుకువైపు పాలిష్ ముద్ద రాసి, దానిమీద మొన తళతళలాడేదాకా లాగు. పదును కుదిరిందో లేదో చూడాలంటే మూడు మిల్లీమీటర్ల మందం తోలు తీసుకుని పొడువు. మణికట్టు బలంతోనే దిగిపోవాలి. భుజం కదిలించాల్సి వస్తే మళ్ళీ సానకి వెళ్ళు. పొడిచే ముందు మొనను ఓసారి మైనం ముద్దలో గుచ్చి తీస్తే ఇంకా సులువుగా దిగుతుంది. మొద్దుబారిన ఆరెతో బలం పెట్టి పొడిస్తేనే అది జారి చేతిలో దిగుతుంది, టీటీ ఇంజెక్షన్ల దాకా వెళుతుంది వ్యవహారం. ఎప్పుడైనా సరే, ఆరె వెనక అరచెయ్యి పెట్టకు. బెండు ముక్కో దళసరి తోలుముక్కో పెట్టు.

రోడ్డుపక్కన మనవాళ్ళ చేతిలో కనిపించేది కొక్కెం ఆరె. సైకిలు పుల్లనో గొడుగు ఊచనో సానబట్టి, కొసన చిన్న గండి కోసి, కర్రపిడిలో దిగ్గొట్టుకుంటారు. దుకాణంలో కొనక్కర్లేదు. పైనుంచి పొడిచి, అడుగున ఎడమచేత్తో దారాన్ని ఆ గండికి తగిలించాలి. ఆరె పైకొచ్చేటప్పుడు దారం మడతపడి దాని వెంటే వస్తుంది. ఆ మడతలోంచి రెండో దారాన్ని దూర్చి రెండువైపులా లాగితే కుట్టు పడుతుంది. మెలిక తోలు మందంలో దాక్కోవాలి, పైకి తేలిందంటే లాగుడు సమంగా లేనట్టు. గండి లోపలి అంచు గరుగ్గా ఉంటే లాగినప్పుడల్లా దారం పోగులు లేస్తాయి, కాబట్టి అక్కడా నునుపు చెయ్యాలి. బూటు ముందుభాగంలో రెండు చేతులూ పట్టని ఇరుకులో దీనికి మించిన పనిముట్టు లేదు. చెప్పు అట్ట కుట్టేటప్పుడు అడుగున ముందే సన్నటి గాడి తీసి, కుట్టును అందులోకి దింపు. గాడి లేకపోతే నేల రాపిడికి దారం వారాల్లో అరిగిపోతుంది.

బ్యాగు పట్టీలకీ బెల్టులకీ మాత్రం రెండు సూదుల కుట్టే వెయ్యి. గుర్రపు జీన్లు కుట్టేవాళ్ళ పద్ధతి అది. దారం ఒకటే, రెండు కొసలకీ రెండు సూదులు. ప్రతి బెజ్జంలోంచీ రెండూ ఎదురెదురుగా దాటుతాయి. ఒకచోట తెగినా రెండో వరస దారం పట్టి ఉంచుతుంది. మిషన్ కుట్టుకీ కొక్కెం కుట్టుకీ ఆ గుణం లేదు, ఒకచోట తెగితే పక్కవి వదులవుతూ పోతాయి. మొదట కుడిచేతి సూది దాటిస్తే చివరిదాకా ప్రతి బెజ్జంలోనూ కుడిచేతిదే ముందు దాటించు, మధ్యలో మార్చావంటే వరస చెడిపోయినట్టు దూరం నుంచే తెలుస్తుంది. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు కోసుకుని, మైనం పట్టించు. నైలాన్ జారుతుంది, సాగుతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, ఎండకీ బాగా ఆగుతుంది. నూలుదారం చెమటకి పాడవుతుంది, చెప్పులకి వద్దు.

బెజ్జాల మధ్య ఎడం గురించి అందరూ పొరబడతారు. దగ్గర దగ్గరగా కుడితే గట్టిదనుకుంటారు. అలా కుడితే తోలు తపాలాబిళ్ళల షీటులా ఆ చిల్లుల వెంబడే చిరుగుతుంది. పర్సుకి మూడు మిల్లీమీటర్లు, చెప్పు వారుకి నాలుగు చాలు, అంచునుంచి కూడా మూడు నాలుగు మిల్లీమీటర్లు వదులు. పాత చెప్పు బాగుచేసేటప్పుడు బలంగా ఉన్న పాత బెజ్జాల్లోంచే కుట్టు, కొత్తవి పొడిచి తోలును బలహీనం చెయ్యకు.

ఆ పెట్టె బదులు తోలు కోసే రంపె ఒకటి, సానరాయి ఒకటి, మైనం, కర్ర సుత్తి, గాట్లకు గుర్తువేసే పళ్ళ పరికరం, వీటికి రెండు ఆరెలు కలుపు. మొదటి ఏడాదికి ఇంతే. చెప్పు తొడిగి కొట్టే ఇనుపకాలు నా దగ్గరుంది, అది నీదే.

కొత్తవి చెయ్యాలనే తొందర నాకు అర్థమవుతుంది. అయినా ముందు పాతవి విప్పు. వారు ఎక్కడ తెగింది, దారం అరిగిందా, తోలు చిరిగిందా, జిగురు వదిలేసిందా చూడు. వేలు దూర్చే ఉంగటం వేరుచేసి చూస్తే కుట్టినవాడు ఎక్కడ బద్ధకించాడో తెలిసిపోతుంది. ఏ పుస్తకంలోనూ అది దొరకదు. బాగుచెయ్యలేనివీ కొన్నుంటాయి. ఏళ్ళ తరబడి అలమారాలో పెట్టిన బూట్ల అడుగు వేసుకున్న మొదటిరోజే పొడిపొడిగా రాలిందని కొందరు తెస్తారు. అది పాలీయురేథేన్ అట్ట. గాల్లో తేమకి లోపల్లోపలే చితికిపోతుంది. దానికి కుట్టు ఆగదు, జిగురు పట్టదు. ఆ మాట మొహం మీదే చెప్పి పంపెయ్, డబ్బు తీసుకోకు.

ఇంకో మాట. ఈ ఆరె, ఈ రంపె మన ఇంటికి అన్నం పెట్టాయి. వాటిని పట్టుకున్న చేతిని ఊరు అంటుకోలేదు కూడా. మన ముత్తాతలు తంగేడు చెక్కతో లంద తొట్టిలో తోలు ఊనితే, దాంతో చేసిన నీళ్ళు తోడే మోటబొక్కెన కావాలన్నారు గానీ వాళ్ళను గడప ఎక్కనియ్యలేదు. ఇప్పుడు అదే పనిని చేతికళ అంటూ గాజు తలుపుల దుకాణాల్లో వేలకి అమ్ముతున్నారు. నువ్వు ఆ దుకాణం పెట్టినా నాకు సంతోషమే, కాకపోతే నీ పని ధర నువ్వే చెప్పు. పదిరూపాయలు తగ్గించమని బేరమాడేవాళ్ళు మాల్‌లో నోరెత్తరు, అది గుర్తుపెట్టుకో.

మీ చిన్నాన్న కొడుకు బస్టాండు దగ్గర కూర్చుంటున్నాడు కదా, వాడికీ చెప్పు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టే పని ఉంది. శిక్షణ రోజులకి రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15 వేలదాకా ఇస్తారు. వాడు కాగితాలంటే భయపడతాడు, పక్కన కూర్చుని నువ్వు నింపించు.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు హాస్టల్లో పిల్లల తెగిన చెప్పులూ ఊడిన బ్యాగు పట్టీలూ ఓ సంచీడు పట్టుకురా. ఊరికే తేకు, ఒక్కోదానికి ఎంతో ముందే మాట్లాడి తీసుకురా.