గురుగులను పూర్తిగా పెరికివేయవలెనా?

ధ్యానభాగము: మత్తయి సువార్త 13:24-30, 36-43



ప్రభువైన యేసుక్రీస్తు చెప్పిన ఉపమానములలో సేద్యము చేయువానికి చప్పున అర్థమగునది గురుగుల ఉపమానము. మంచి విత్తనము చల్లిన పొలములో పగవాడు రాత్రివేళ గురుగులు చల్లిపోయెను. పైరు ఎదిగినప్పుడు దాసులు వాటిని చూచి, పోయి పెరికివేయుటకు సెలవు అడిగిరి. యజమానుడు వారిని వారించెను. గురుగులు మంచివని ఆయన చెప్పలేదు. దాసుల ఆత్రుత దుర్మార్గమనియు చెప్పలేదు. గోధుమల వేళ్లు వాటితో పెనవేసికొనియున్నవి గనుక కోతకాలము వరకు చేయి ఆపుమనెను.

ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. మన మంత్రాలయము చుట్టుపట్ల బుడ్డల చేలలో ఊడలు నేలలోనికి దిగిన తరువాత తెలిసిన రైతు గుంటక తోలడు. కలుపు కంటికి కనబడుచునే యుండును. అయినను కలుపుతోపాటు ఊడలు తెగునని, తెగిన ఊడకు కాయ పట్టదని ఎరిగి అతడు ఎద్దులను నిలుపుకొనును. ఆ నిలుపుకొనుట సోమరితనము కాదు. పంట మీది ప్రేమ.

ఇప్పుడు ప్రశ్న ఇది: చెడ్డది కనబడినప్పుడు దానిని సమూలముగా తీసివేయుటయే ఎల్లప్పుడును మేలా? కొంత విడిచిపెట్టుట పిరికితనమా, అవిశ్వాసమా, లేక అదియు ప్రేమయేనా? తల అడుగుభాగమున పుట్టు గడ్డలకు చేయు శస్త్రచికిత్సలో ఈ ప్రశ్న మనుష్యుల ప్రాణముల మీదికే వచ్చుచున్నది. గనుక ఈ నెల ఆ వైద్యులు నేర్చిన పాఠమును మనము ఆలోచింతము.

మన పుఱ్ఱె పైభాగము బోర్లించిన కుండవలె నుండును. దాని అడుగు, అనగా మెదడు ఆనుకొనియుండు నేల, కనుగుంటల పైన మొదలై, ముక్కు వెనుకగా, చెవుల లోపలిగా, మెడ మొదలు వరకు వ్యాపించియున్నది. ఇది రంధ్రములు లేని పలక కాదు. ఊరివారందరు అగసెగుండ రాకపోకలు చేసినట్లు, మెదడునకు రక్తము తెచ్చు నాళములు ఈ రంధ్రములగుండ లోనికి పోవును. చూపును, వినికిడిని, ముఖపు కదలికను, మ్రింగుటను, స్వరమును నడుపు నరములు వీటిగుండనే సాగును. అవి పండ్రెండు జతలు. నడుమనున్న పెద్ద రంధ్రముగుండ వెన్నుపాము దిగును. ఇంత చిన్న చోట దేవుడు ఇన్ని అమూల్యమైన వాటిని ప్రక్కప్రక్కనే అమర్చియున్నాడు.

ఈ చోట పుట్టు గడ్డలలో చాలమట్టుకు క్యాన్సరు కావు. కొన్ని మెదడును కప్పు పొరలనుండి, కొన్ని పిట్యూటరీ గ్రంథినుండి, కొన్ని చెవినుండి మెదడునకు పోవు నరము మీద పుట్టును. అవి తరచుగా ఏండ్ల తరబడి నెమ్మదిగా పెరుగును. ఒక చెవి వినికిడి మందగించుట, ఆ చెవిలో ఎడతెగని హోరు, నడకలో తూలు, ప్రక్కచూపు తగ్గుట వంటి గుర్తులు కనబడవచ్చును. మనవారు చెవిలో నూనె పోసికొని, కండ్లద్దములు మార్చుకొని, ఎవరో చేతబడి చేసిరని అనుమానించి కాలము గడుపుదురు. ఈ గుర్తులు గల ప్రతివానికి గడ్డ యున్నదని కాదు. అయితే ఒక ప్రక్క చెవి మాత్రమే క్రమముగా వినబడకపోయినయెడల వైద్యునికి చూపించుకొనవలెను.

చెవి నరము గడ్డను తలంచుడి. ఆ నరమును ఆనుకొనియే ముఖమును నడుపు నరము పోవును. గడ్డ పెరిగిన కొలది ఆ నరము దాని మీద సాగి, పరచుకొని, కంటికి ఆననంత పలుచనగును. 20వ శతాబ్దపు ఆరంభమున శస్త్రవైద్యులు వ్రేలు దూర్చి గడ్డను పెకలించుచుండిరి. ఆ చికిత్స పొందినవారిలో ఎక్కువమంది మరణించిరి. గురుగుతోపాటు గోధుమయు ఊడివచ్చెను.

అమెరికా దేశపు హార్వే కుషింగ్ అను శస్త్రవైద్యుడు వేరొక మార్గము పట్టెను. గడ్డ లోపలి భాగమును మాత్రము తొలిచి తీసి, పై పొరను నరముల మీదనే విడిచిపెట్టెను. ఈ గడ్డలను గూర్చి ఆయన 1917లో ఒక గ్రంథము ప్రచురించెను. ఆయన చేతిలో మరణములు బహుగా తగ్గెను. అయితే మిగిలిన పొర కొందరిలో మరల పెరిగి ప్రాణము తీసెను. ఆయన శిష్యుడైన వాల్టర్ డాండీ 1920లలో, ఏమియు మిగల్చక గడ్డను పూర్తిగా తీయవచ్చునని చూపెను. అట్లు తీసినప్పుడు గడ్డ తిరిగి వచ్చు భయము తగ్గెను గాని, సాధారణముగా ముఖము ఒక ప్రక్క చచ్చుబడెను. ఈ సంగతిలో గురుశిష్యుల మధ్య కఠినమైన విరోధము పుట్టెను.

వారిలో ఎవరు సరి? గురువు గోధుమను చూచెను, శిష్యుడు గురుగును చూచెను. ఇద్దరును రోగి బ్రతుకవలెననియే కోరిరి. ఒకడు దయగలవాడు, ఒకడు కఠినుడు అని మనము తీర్పు చెప్పరాదు. నిజమైన కష్టము ఏదనగా, కంటికి కనబడని నరమును కాపాడుట ఎవరికిని సాధ్యము కాలేదు. 1960లలో లాస్ ఏంజిలెస్ పట్టణమున విలియం హౌస్ అను వైద్యుడు ఈ శస్త్రచికిత్సకు సూక్ష్మదర్శినిని తెచ్చెను. అప్పుడు నరము కండ్ల యెదుట నిలిచెను. నేడు ఆ నరమును స్వల్పమైన విద్యుత్తుతో తాకి, ముఖము కదలుచున్నదో లేదో చూచుచు పని చేయుదురు. మన దేశములో ఈ విద్యకు పునాది వేసినవారిలో ఒక క్రైస్తవుడుండుట మనము కృతజ్ఞతతో తలంచుకొనదగినది. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అను గొప్ప వైద్యుని యొద్ద నేర్చిన డాక్టరు జేకబ్ చాండీ, 1949లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో భారతదేశపు మొదటి మెదడు శస్త్రచికిత్సా విభాగమును ప్రారంభించెను. మరుసటి ఏడు, 1950లో, డాక్టరు బి. రామమూర్తి మద్రాసులో ఆ పని మొదలుపెట్టెను.

ఇప్పటి వైద్యులు గడ్డను పూర్తిగా తీయగలిగిన చోట పూర్తిగానే తీయుదురు. చిన్న గడ్డయైతే కొన్నిసార్లు కత్తి ముట్టించక కనిపెట్టి చూతురు. పెద్ద గడ్డ నరమునకో మెదడు కాండమునకో అతుకుకొనియున్న చోట, పలుచని పొరను తెలిసియే విడిచిపెట్టుదురు. అంతటితో మరచిపోరు. ఫలాని నెల వచ్చి ఎమ్మారై తీయించుకొనుమని తేదీ వ్రాసి యిత్తురు. అది పెరిగినయెడల మరల కత్తి పట్టుదురు, లేదా కిరణములను ఒక్క చోటికి కూర్చి దాని పెరుగుదలను ఆపజూతురు. 1968లో స్వీడను దేశపు లార్స్ లెక్సెల్ మొదట నెలకొల్పిన గామా నైఫ్ అట్టి సాధనమే. ఉపమానములోని యజమానుడును గురుగులను మరచిపోలేదు. వాటికి ఒక దినము నియమించెను. దినము నియమించి విడిచిపెట్టువాడు చెడుగుతో సమాధానపడినవాడు కాడు.

మన ప్రాంతపు సంఘములో ఒక సహోదరి భర్తకు ఇట్టి శస్త్రచికిత్సయే జరిగెను. ప్రాణము నిలిచెను, ముఖమును చాలవరకు బాగుగనే యుండెను. అయితే చిన్న ముక్క లోపల విడువబడినదని విని బంధువులు, డబ్బు తీసికొని సగము పనియే చేసిరనిరి. కొందరు విశ్వాసులు, ప్రార్థనలో కొదువ యున్నదనిరి. ఆమె వచ్చి, “అయ్యగారూ, దేవుడు చేసే పని సగం చేస్తాడా?” అని అడిగెను.

నేను ఆమెకు రెండు వాక్యభాగములు చూపితిని. మార్కు సువార్త 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివానిని ప్రభువు మొదటిసారి ముట్టినప్పుడు, వానికి మనుష్యులు నడచుచున్న చెట్లవలె కనబడిరి. ప్రభువు వానిని అట్లే పంపివేయలేదు, మరల చేతులుంచెను. మొదటి స్పర్శ తప్పిపోయిన స్పర్శ కాదు. రెండవది, కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయములో పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప వచ్చెను. పౌలునకు విశ్వాసము చాలలేదని మనలో ఎవడు చెప్పగలడు? గనుక శరీరములో ఏదో మిగిలియున్నదని చూచి, ఆ యింటిలో దేవుని కార్యము సగమైనదని లెక్కకట్టకుడి. ఆ మనుష్యుడు తన బిడ్డలను చూచి నవ్వగలుగుచున్నాడు. ఆ నవ్వును కాపాడుటకే వైద్యుడు ఆ ముక్కను విడిచెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. అదే మత్తయి సువార్త 5వ అధ్యాయములో, అభ్యంతరపరచు కన్నును పెరికి పారవేయుమని ప్రభువే చెప్పలేదా? ఒక చోట పెరుకుమని, ఒక చోట పెరుకవద్దని చెప్పుట ఎట్లు పొసగును? నాకు తోచిన ఉత్తరము ఇది: అక్కడ చెప్పబడినది వాని వాని స్వంత కన్ను. తన పాపము విషయములో ఎవడును గురుగుల ఉపమానమును అడ్డము పెట్టుకొనరాదు. సారా సీసాను ఇంటిలో ఉంచుకొని, కోత వరకు ఉండనిమ్మని చెప్పువాడు ఉపమానమును వెక్కిరించుచున్నాడు. గురుగుల ఉపమానములోనైతే దాసులు పెరుకగోరినది తమ పొలములోనివి కావు. పొలము లోకమని ప్రభువే వివరించెను. మన విషయములో కత్తి పదునుగా నుండవలెను. ఎదుటివాని జీవితములో దిగు కత్తి సూక్ష్మదర్శిని క్రింద కదలవలెను. మనమో దీనిని తారుమారు చేసికొన్నాము. మన తప్పును కనిపెట్టి చూతుము. పొరుగువాని తప్పును వ్రేలు దూర్చి పెకలింతుము. పడిన యౌవనస్థుని సంఘము యెదుట నిలిపి సిగ్గుపరచి, పాపమును పెరికితిమని సంతోషించిన రోజులు మన సంఘములలో లేవా? పాపముతోపాటు ఆ బిడ్డకును సంఘమునకును మధ్యనున్న నరము తెగిపోయెను. అతడు మరల గుడి గడప త్రొక్కలేదు.

స్వంత కన్ను అను మాటలో ఇంకొక బుద్ధియు ఉన్నది. ఎంత తీయవలెను, ఎంత విడువవలెను, ఏ అపాయమునకు ఒప్పుకొనవలెను అను నిర్ణయములో ఆ శరీరము గలవాని మాట మొదటిది కావలెను. బర్తిమయి గ్రుడ్డివాడని అందరికిని తెలిసినను, తాను ఏమి చేయగోరుచున్నాడో ప్రభువు వానినే అడిగెను. మన ఇండ్లలోనైతే వరండాలో అన్నదమ్ములు కాగితము మీద సంతకము చేయుదురు. మంచము మీదనున్న ఆడమనిషికి ఏమియు చెప్పరు. వినికిడి పోవచ్చును, ముఖము వంకరపోవచ్చును, ముక్క మిగులవచ్చును అని ముందుగా వినుటకు ఆమెకు హక్కు కలదు. భయపడునని దాచుట ప్రేమవలె కనబడును గాని, అది ఆమెను చిన్నబిడ్డగా ఎంచుటయే.

సంఘముగా మనము చేయవలసినది స్పష్టము. కత్తికి ఒప్పుకొనుట అవిశ్వాసమని ఎవరిని భయపెట్టకుడి. లూకా వైద్యుడై యుండియు పౌలునకు ప్రియుడే. 2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్రములో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన నాటినుండి శస్త్రచికిత్స ఖర్చు బీదలకు కొంత తేలికయైనది. అయినను గుంతకల్లు దాటి దూరపు ఊరికి పోవు రైలు ఖర్చు, బస, పోయిన కూలి మిగిలియే యుండును. స్కానింగు తేదీ వచ్చినప్పుడు తోడు పోవువాడొకడు కావలెను. ముఖము ఒక ప్రక్క వాలినవానికి కన్ను సరిగా మూతపడదు. వైద్యుడు చెప్పిన చుక్కలు వేయుచు, దుమ్ము పడకుండ కాపాడవలెను. అట్టివాడు ఆరాధనకు వచ్చినప్పుడు పిల్లలు తేరిచూడకుండ తల్లులు నేర్పవలెను. వినబడని చెవి ప్రక్కన గాక, వినబడు చెవి ప్రక్కన కూర్చుండుడి. ఇవి చిన్న పనులు. అయితే గోధుమను నిలువబెట్టు మన్ను ఇట్టి చిన్న రేణువులతోనే చేయబడినది.

కోత దినము దేవునిది. ఆ దినమున ఏమియు మిగులదు. గడ్డయు, ముల్లును, కన్నీరును. ఆ దినము మన చేతిలో లేదు గనుక, నేడు మన చేయి దేనిని పెరుకవలెనో దేనిని కాపాడవలెనో ఎరుగునంత నిదానమైనదిగా ఉండవలెను.

ప్రార్థన: దయగల పరమవైద్యుడా, మా పాపము విషయమై మాకు పదునైన మనస్సాక్షిని, మా సహోదరుని విషయమై మాకు ఓర్పుగల చేతిని దయచేయుము. శస్త్రవైద్యుల కండ్లకు వెలుగునిమ్ము. బల్లమీద పరుండువారికి ధైర్యమును, వెలుపల కనిపెట్టువారికి ఓదార్పును ఇమ్ము. మిగిలిన ముల్లుతో ఇంటికి వచ్చినవారిని నీ కృపతో నింపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.