పచ్చికట్టె ఎవరు తెచ్చారు?

తర్కశాస్త్రం కాస్తయినా చదివినవాళ్ళకి కొండ మీద పొగ కొత్త కాదు. దూరంగా కొండ, దాని మీద పొగ. నిప్పు మాత్రం కనిపించదు. అయినా అక్కడ నిప్పుందని చెప్పొచ్చు. ఎందుకంటే పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. ఆ సంగతి మనకెలా తెలుసు? వంటింట్లో చూశాం కదా! న్యాయదర్శనంలో దీన్ని అనుమానం అంటారు. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించేదాన్ని పట్టుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడం. వందల ఏళ్ళుగా ఈ పాఠం ఇదే ఉదాహరణతో నడుస్తోంది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు కూడా విద్యార్థుల్ని ఈ కొండ దగ్గరికే తీసుకెళ్ళాడు.

నాకు నచ్చే భాగం ఆ తర్వాత వస్తుంది. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. మరి నిప్పుంటే పొగ ఉంటుందా? ఉండనక్కర్లేదు అంటారు తార్కికులు. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకి పొగ తోడవ్వాలంటే మధ్యలో ఇంకోటి రావాలి. అది తడి ఉన్న కట్టె. అలా మధ్యలో చేరి పని జరిపించేదానికి వాళ్ళు పెట్టిన పేరు ‘ఉపాధి’. ఇప్పుడా మాట వింటే మనకి ఉద్యోగమే గుర్తొస్తుంది గానీ, అక్కడ దాని అర్థం షరతు.

అంటే పొగ నిప్పు స్వభావం కాదు. ఎవరో పచ్చికట్టె తెచ్చి పెడితే వచ్చేది. తార్కికులకి అంతవరకు చాలు. వాళ్ళకి వంటిల్లు ఒక ఉదాహరణగా కావాలి, అంతే. ఆ వంటింట్లో కళ్ళు నులుముకుంటూ ఊదుగొట్టం పట్టుకున్న మనిషి వాళ్ళ పాఠంలోకి రాదు. నా ప్రశ్న ఆ మనిషి దగ్గర మొదలవుతుంది. ఒక ఇంటి పొయ్యి పొగ చూరుతోందంటే, ఆ పచ్చికట్టెకి జవాబుదారీ ఎవరు?

ఇదేదో పాతకాలపు ప్రశ్న అనుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇప్పటికీ సుమారు 210 కోట్ల మంది కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు లాంటివాటి మీదే వండుకుంటున్నారు. ఇళ్ళలో పొయ్యిల నుంచి వచ్చే కాలుష్యం వల్ల ఒక్క 2020లోనే 32 లక్షల మంది చనిపోయారని అదే సంస్థ అంచనా. గుండెజబ్బులు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులు, చిన్నపిల్లల్లో న్యుమోనియా అందులోకి వస్తాయి. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్ళూ, వాళ్ళ చంకలో పిల్లలూ కాబట్టి పొగలో పెద్ద వాటా వాళ్ళదే. వంట మాత్రం ఇంటిల్లిపాదికీ సమానంగానే అందుతుంది.

పొగ ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఎలా తగ్గించాలో కూడా తెలుస్తుంది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. అది పొయ్యిలో పడగానే, మంట వేడి ముందు ఆ నీళ్ళని ఆవిరి చెయ్యడానికే ఖర్చయిపోతుంది. కట్టె నుంచి వచ్చే వాయువులు కాలాల్సినంత వేడి మిగలదు. కాలకుండా బయటికొచ్చిన ఆ వాయువులూ, సన్నటి మసి రేణువులూ కలిసిందే పొగ. గాలి చాలకపోయినా ఇదే జరుగుతుంది. అందుకని కట్టెని సన్నగా చీల్చి, కింద గాలి ఆడేట్టు, పైన వాన తగలకుండా పేర్చి నెలల తరబడి ఆరబెట్టాలి. తేమ ఐదో వంతుకన్నా తగ్గాలి. ఎండిన కట్టె చివర్లో పగుళ్ళిస్తుంది, రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే మొద్దుగా కాకుండా ఖంగున మోగుతుంది. పొయ్యిని కట్టెలతో కుక్కెయ్యకూడదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు పొయ్యిలో పెట్టకూడదు. అంటుకోవట్లేదని కిరసనాయిలు పొయ్యకూడదు. ఎదురెదురుగా గాలి ఆడేట్టు కిటికీ, తలుపు తెరిచి ఉంచాలి. పొగగొట్టం ఇంటి కప్పుని దాటి పైకి పోవాలి, తాటాకు కప్పయితే దానికి తగలకుండా చూడాలి. గొట్టంలో పేరుకున్న మసిని తరచూ దులపాలి. లేకపోతే దారి ఇరుకై పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది, ఆ మసి కూడా ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది. పక్కనే ఒక బిందెడు నీళ్ళుండాలి. వేలాడే సింథటిక్ పైటతో పొయ్యి ముందు కూర్చోకూడదు. నివురుగప్పిన నిప్పు అన్న మాట ఊరికే పుట్టలేదు, బూడిద కింద నిప్పులు మర్నాటికి కూడా బతికే ఉంటాయి. ఆ బూడిదని మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి ఎత్తి, ఇంటికి దూరంగా పెట్టాలి.

ఈ జాబితాని ఇంకోసారి చదవండి. ఆరబెట్టాలి, దులపాలి, తెరిచి ఉంచాలి. ఎవరు? తెలుగులో ఇదొక సౌకర్యం. క్రియ చివర ‘ఆలి’ చేరిస్తే వాక్యానికి కర్త అక్కర్లేదు. ఆ ‘ఆలి’నే కర్త అనుకుంటారు కాబోలు, ఇంట్లో అందరూ.

కర్తని వెతికి చూస్తే పని వేరేగా కనిపిస్తుంది. కట్టె ఎండాలంటే ఎండాకాలంలోనే ఎవరో కొట్టించి, చీల్పించి, చూరు కిందో కొట్టంలోనో చోటివ్వాలి. పొగగొట్టం శుభ్రపడాలంటే ఎవరో ఇంటి మీదికి ఎక్కాలి. వంటింటికి కిటికీ పెట్టాలా వద్దా అన్నది ఇల్లు కట్టే రోజు, మేస్త్రీతో మాట్లాడేవాళ్ళు తేల్చే విషయం. పొయ్యి ముందు కూర్చున్న మనిషి చేతిలో మిగిలేవి ఊదుగొట్టం, పైట, బిందెడు నీళ్ళు. జాగ్రత్త మొత్తం ఆవిడకి చెబుతాం, అధికారం మాత్రం ఇంకెక్కడో ఉంటుంది.

కృష్ణాజిల్లాలో మా పెద్దమ్మ ఇంట్లో గ్యాసు వచ్చి చాలా ఏళ్ళైంది. అయినా పెరట్లో రేకుల కింద కట్టెలపొయ్యి రోజూ వెలుగుతుంది. స్నానానికి నీళ్ళు, గేదెలకి కుడితి, పప్పు ఉడకడం అన్నీ దాని మీదే. ఒక శ్రావణమాసంలో వెళ్ళినప్పుడు ఆ రేకుల కింద మొహం కనపడనంత పొగ.

“గ్యాసుందిగా పెద్దమ్మా, నీళ్ళు దాని మీద పెట్టుకోవచ్చుగా?” అన్నాను.

“నీళ్ళకి కూడా గ్యాసు తగలేస్తారంట్రా ఎవరన్నా? పుల్లలు ఊరికే దొరుకుతుంటే.”

“పోనీ, వానలు పడకముందే కట్టెలు లోపల పెట్టిస్తే ఈ పొగన్నా ఉండదుగా. ఎవరు పెడతారు అవి?”

“ఎవరో ఒకళ్ళు పెడతార్లే. పెట్టకపోతే ఆ తడిసినవే ఊదుకుంటా. నాకేం కొత్తా?”

ఆ ఇంట్లో బాగోగులు చూసుకోవడం తెలియనివాళ్ళు లేరు. ట్రాక్టరు టైర్లలో గాలి, మోటారుకి గ్రీజు, గడ్డివాము మీద పట్టా, ఇవేవీ పెదనాన్న ఏనాడూ మర్చిపోడు. వానొస్తే ముందు గడ్డి తడవకూడదని పరిగెత్తుతారు. కట్టెలు మాత్రం ‘ఎవరో ఒకళ్ళ’ పని. తార్కికులు వెతికిన ఉపాధి నాకు ఆ మాటలో దొరికింది. నిప్పుకీ పొగకీ మధ్య ఉన్నది పచ్చికట్టె, ఆ పచ్చికట్టెకి వెనకాల ఉన్నది ‘ఎవరో ఒకళ్ళు’.

పొగ లేని పొయ్యి కోసం మన దగ్గర తెలివితేటలు తక్కువేం ఖర్చు కాలేదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగలిగిన, పొగగొట్టం ఉన్న పొయ్యిని తయారుచేశారు. దాని గురించి 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే చిన్న పుస్తకం కూడా వేశారు. ఎనభైల్లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని ఆస్త్రా కేంద్రం మూడు గిన్నెలు పట్టే ‘ఆస్త్రా ఒలె’ని తెచ్చింది. ఆ దశాబ్దంలోనే కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో దాన్ని ఆపేసేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది.

ఆ పొయ్యిల్లాంటివాటికి ఇళ్ళలో ఏమవుతుందో ఒడిశా గ్రామాల్లో రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ కొన్నేళ్ళపాటు గమనించారు. కొత్త పొయ్యి పెట్టిన మొదటి ఏడాది వంట చేసేవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. రెండో ఏడాదికి ఆ తేడా పోయింది. జనం వాటిని సరిగ్గా వాడలేదు, మరమ్మతులు చేసుకోలేదు, వాడకం కూడా ఏడాదికేడాది తగ్గిపోయింది. దీన్ని జనం నిర్లక్ష్యం అని చదవడం తేలిక. నేను ఇంకోలా చదువుతాను. పొయ్యిని ఇవ్వడం ఒక రోజు పని. ఇచ్చినవాళ్ళకి పేరొస్తుంది, ఫొటో ఉంటుంది. దాన్ని బాగా ఉంచడం రోజూ చేసే పని, దానికి పేరు లేదు. దానాన్ని పుణ్యం అన్నాం గానీ, ఇచ్చిన వస్తువు మూడో ఏడాది కూడా పనిచేసేలా చూడటానికి మన నీతిశాస్త్రంలో సరైన మాట కూడా లేదు.

గ్యాసు వచ్చాక ఈ గొడవ తీరిపోవాలి కదా అనొచ్చు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చాయి. ఇప్పుడు ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో ఐదొందలకే సిలిండరు పథకాలున్నాయి. ఇవి నిజంగా మేలు చేసినవే, గ్యాసు కట్టెకన్నా ఎన్నో రెట్లు శుభ్రం. కానీ సిలిండరుకి ధర ఉంది, అది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. పుల్లలు ‘ఊరికే’ దొరుకుతాయి. ఏరుకొచ్చే గంటకి, ఊదే గంటకి, దగ్గుకి బిల్లు రాదు కాబట్టి అవి ఊరికే. ఇంటి లెక్కల్లో ఒక మనిషి ఊపిరికి ధర సున్నా ఉన్నంతకాలం కట్టె ఎప్పుడూ గ్యాసుకన్నా చవకే.

ఇక మన సంగతి. ఊరి నుంచి నగరానికి వచ్చినవాళ్ళకీ, అసలు ఊరే చూడనివాళ్ళకీ ఇప్పుడు కట్టెలపొయ్యి ఒక రుచి. హైవే పక్క హోటళ్ళ బోర్డుల మీద అది పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ రుచి అబద్ధం అని నేను అనను. నిదానంగా ఉడికిన పప్పు, కమిరిన వాసన పట్టిన పులుసు నాకూ ఇష్టమే. అయితే ఆ వాసన అదే పొగ. మన దాకా వచ్చేసరికి అది చిటికెడై రుచిగా మారింది. వండినవాళ్ళ దగ్గర అది దోసిళ్ళకొద్దీ ఉంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. మా పెద్దమ్మకి ఆ పొయ్యే ఇష్టం. మంటని ఎక్కడ పెంచాలో, ఎప్పుడు కట్టె వెనక్కి లాగాలో ఆవిడకి చేతివాటం. అక్కడికొచ్చి కూర్చునే కోడళ్ళతో, ఇరుగమ్మతో ఆవిడకి అదొక కచేరీ. ఆవిడ ఇష్టం ఆవిడది, మధ్యలో నువ్వెవరివి అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆవిడ ఎంచుకున్నది పొయ్యిని. తడిసిన కట్టెని ఆవిడ ఎంచుకోలేదు. అది ఆవిడకి మిగిలింది. ఎంపికని గౌరవించడం అంటే ఆ ఎంపిక మంచిగా సాగే షరతుల్ని సమకూర్చడం కూడా. పొయ్యిని పడగొట్టమని ఉపన్యాసం ఇవ్వడంలోనూ, దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవడంలోనూ ఆ గౌరవం లేదు.

తార్కికుల ఇనుపముద్దని ఇక్కడ ఇంకోసారి తలుచుకోవాలి. నిప్పుండి పొగ లేని చోటు ఉంటుందన్నారు వాళ్ళు. నిజ జీవితంలో అది చలికాలం రాత్రి కుంపటి. బాగా రాజుకున్న బొగ్గుల నుంచి పొగ రాదు, కళ్ళు మండవు. కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్‌కన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు బిగించి, పక్కన నిప్పులు పెట్టుకుని పడుకున్నవాళ్ళు నిద్రలోనే పోతారు. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం తప్పుడు అనుమానం. ఇంట్లో విషయాలకీ ఇది వర్తిస్తుంది. వండే మనిషి ఫిర్యాదు చెయ్యట్లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. “నాకేం కొత్తా” అన్న మాటలో కూడా పొగ కనిపించదు.

కట్టె ఎంత ఎండినా, గొట్టం ఎంత బాగున్నా అది గ్యాసంత శుభ్రం కాదు. గొట్టం పొగని మాయం చెయ్యదు, బయటికి పంపుతుంది, అక్కడా మనుషులే ఉంటారు. కాబట్టి రోజువారీ వంట గ్యాసు మీదికి మారగలిగినచోట మారడమే మేలు, ఆ సిలిండరు ఖర్చు ఇంటి మొత్తానిది అనుకోవడమే న్యాయం. మారనిచోట, మారనన్నన్నాళ్ళు, పొయ్యి కూడా ట్రాక్టరులాగా ఇంటి యంత్రమే. దాని మీద తిన్న ప్రతివాళ్ళకీ అందులో ఒక పని ఉంటుంది. మే నెలలో ఊరెళ్ళేవాళ్ళు కట్టెలు చీల్చి లోపల పేర్చొచ్చు. నిచ్చెన ఎక్కగలిగినవాళ్ళు గొట్టం దులపొచ్చు. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు వంటింటి కిటికీ ఎక్కడ, ఎంత ఉండాలో మేస్త్రీకి చెప్పేముందు, ఆ వంటింట్లో నిలబడబోయే మనిషిని అడగొచ్చు.