బుల్లెట్టు గొంతు

వాళ్ళ నాన్నగారి పాత బుల్లెట్టుకి సైలెన్సరు మార్పిస్తానంటున్నాడు మా పెద్దాడు. ఉన్నది తుప్పు పట్టింది, మార్చాల్సిందే. తగవల్లా ఏది పెట్టించాలన్నదే. వాడి కన్ను పొట్టి గొట్టం మీదుంది. "అసలు బుల్లెట్టు గొంతు అదేనమ్మా!" అంటాడు. నాకు నవ్వొచ్చింది. ఆ బండి పుట్టిందే పొడుగాటి సైలెన్సరుతో. పేలుడు చప్పుడు లోపలి అరల్లో, చిల్లుల్లో కొట్టుకుని నీరసించి బయటికొస్తుంది. ఆ అరలు తీసేస్తే వచ్చే మోతని అసలు గొంతు అనడమెలా?

చట్టం సంగతంటారా? కంపెనీ ఇచ్చిన తీరు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం అంటోంది. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. రాత్రంటే పది నుంచి ఆరు. సరిగ్గా మా ఉక్కునగరంలో సి షిఫ్టు వేళ! అప్పుడు కొలిమి దగ్గరికెళ్ళినవాడికి మధ్యాహ్నమే అర్ధరాత్రి. చట్టం పగలనుకునే వేళ, ఎదురు క్వార్టర్లో కిటికీలకి దుప్పట్లు కట్టి పడుకుంటారు. ఆ నిద్రకి ఇరుగుపొరుగుల దయే దిక్కు.

మరి నా మిక్సీ, కుక్కరు మాటేమిటంటారా? నిజమే. కానీ ఈల కోసం కుక్కరు ఎవరూ కొనరుగా! ఈ గొట్టం కొనేదే మోత కోసం. ఒకరి సరదా ఖరీదు మరొకరి నిద్రలోంచి చెల్లించడం న్యాయమేనా?

"మన వీధిలో మెల్లిగా పోతాలే" అన్నాడు. "అవతలి వీధిలో సి షిఫ్టు వాళ్ళు లేరట్రా?" అన్నాను. మాట్లాడలేదు. డబ్బు నేనింకా ఇవ్వలేదు.