పాత బండికి క్రొత్త గొంతు

పాతబడిన వస్తువును బాగుచేసికొనుట మితవ్యయమనియు, దానికి మెరుగులు దిద్దుట దుబారా యనియు మనలో చాలమందికి నిశ్చితాభిప్రాయము. ఈ రెంటికి నడుమ గీత యెక్కడ నున్నదని యడిగినచో మాత్రము వెంటనే చెప్పగలవారు తక్కువ. చిరిగిన చీరకు అతుకు వేయుట బాగుచేయుట. జరీయంచు కుట్టించుట మెరుగు. కారుచున్న యింటికి పెంకులు మార్చుట బాగుచేయుట. పెంకులు దించి మేడ లేపుట మెరుగు. ఇంతవరకు స్పష్టమే. కాని యతుకునకై తెచ్చిన గుడ్డ అసలు చీరకంటె మేలైనదైనచో నేమనవలెను? ఈ ప్రశ్న మాకు శాస్త్రగ్రంథములలో తగులలేదు. ఒక పాత కారు తలుపులో తగిలినది. తగిలి కొన్ని వారములు మమ్ము వదలలేదు. విషయ మల్పమేయని మేమును ఒప్పుకొందుము. అయినను పెద్ద విషయములందు మనస్సు ముందుగానే వేషము కట్టుకొని వచ్చును. అల్పవిషయములందు కట్టుకొనుట మరచును.

మా బండి నాలుగు తలుపుల సెడాను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడి, బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు అచ్చటికి మారిన సంవత్సరముననే దానిని కొంటిమి. 2023లో పదునైదేండ్లు నిండగా తనిఖీ చేయించి, మరి యైదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొంటిమి. శంషాబాదు దారి దానికి కంఠస్థము. మొదట ఆరాంఘరు చౌరస్తాలో లారీల వెనుక నిలిచి నిలిచి పోయెడిది. 2009 అక్టోబరులో మెహదీపట్నమునుండి ఆరాంఘరు వరకు 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ దారి తెరచిన పిమ్మట వాని తలలమీదుగా పోవుచున్నది. చుట్టములను దింపినది, చుట్టములను తెచ్చినది. తుదకు మా చిన్నమ్మాయిని పైచదువునకు సాగనంపినదియు నదియే.

ఆ రాత్రి తిరిగి వచ్చుచుండగా మాటలేమియు తోచక మా గృహిణి రేడియో మీట త్రిప్పినది. వచ్చినది పాట కాదు. ఎండుటాకులమీద నెవరో నడచుచున్నట్టి గరగర. కుడి తలుపులోని స్పీకరు మూగబోయినది, ఎడమది బొంగురుపోయినది. ఎప్పుడు చెడినవో మా యిద్దరిలో నొకరికిని తెలియదు. వెనుక సీటులో పిల్లలున్నంతకాలము ఆ బండిలో రేడియో వినవలసిన యవసరము ఎవరికిని కలుగలేదు కాబోలు.

శంషాబాదులో బెంగుళూరు రహదారి ప్రక్కన విమానాశ్రయపు టాక్సీలు మరమ్మతుకు వచ్చు చిన్న దుకాణ మొకటి యున్నదని యొక మిత్రుడు చెప్పెను. పగలు రేయి బండిలోనే బ్రతుకు డ్రైవర్లకు ఏది నిలుచునో, ఏది నిలువదో అట్టిచోటి వారికి తెలియునని తలచి, ఆదివారమున అచ్చటికే పోయితిమి. పనివాడు ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల కుఱ్ఱవాడు. తలుపు లోపలి యట్టను ఊడదీసి స్పీకరును చేతిలో పెట్టెను. ఆ వస్తువు ఎంత సామాన్యమైనదో అప్పుడు చూచితిమి. ఒక కాగితపు గరాటు. దాని మొదట సన్నని రాగితీగ చుట్ట. ఆ చుట్టకు చుట్టును అయస్కాంతము. తీగలో విద్యుత్తు ఆడినకొలదిని గరాటు ముందువెనుకల కాడును. గరాటు ఆడినకొలదిని గాలి యాడును. గాలి యాడుటయే పాట. గరాటు అంచున మెత్తని స్పంజి పట్టీ యుండును. అది యేండ్లతరబడి యెండకు తేమకు చివికి పొడియై రాలును. మాది ముట్టుకొనగానే బూడిదవలె వ్రేలికంటెను.

“సార్, అంచు పోయింది గని మ్యాగ్నెట్ మంచిగనే ఉంది. కంపెనీదే మల్ల పెడుదమా, మంచియి పెడుదమా?” అని యతడు అడిగెను. మా ప్రశ్న యంతయు అతని యొక్క వాక్యములో నున్నది.

అతడు చూపిన పెట్టెలలో నొకదానిపై మూడు వందల వాట్లని ఎఱ్ఱని పెద్ద యక్షరములతో అచ్చువేసి యుండెను. మేము దానిని చేత పట్టుకొనుట చూచి, “గది పీక్ సార్. ఒక్క క్షణం కొట్టే దెబ్బ. రోజూ నడిచేది కింద చిన్నగ రాస్తరు, ఆర్‌ఎమ్‌ఎస్ అని. మీ రేడియో ఇచ్చేదే పదిహేనో ఇరువయ్యో వాట్లు” అనెను. తన లాభమునకు ఎదురైన మాటను అడుగకయే చెప్పిన యా కుఱ్ఱవానియందు మాకు గౌరవము కలిగినది. ఆ మాట తరువాత చాల దినములు చెవిలో మ్రోగినది కూడ. మనలో ననేకుల యౌదార్యము పీకు లెక్కలోనిదే గదా! వేదికమీద మూడు వందల వాట్లు. ఇంటిలో, పనిమనిషి సెలవడిగిన నాడు, పదునైదు.

అంతటితో నాగక అతడు తలుపును చూపెను. “డోర్ నిండ బొక్కలే ఉన్నయి సార్. ముందు గివి మూస్తే సగం పని అయితది” అనెను. ఇందులోని కీలకమును మేము పిమ్మట విచారించి తెలిసికొంటిమి. గరాటు ముందునకు నెట్టిన గాలికి ప్రతిగా వెనుకకు నెట్టిన గాలి యొకటి యుండును. తలుపు రేకులోని కంతలగుండ ఆ వెనుక గాలి ముందు గాలితో వచ్చి కలసినచో, రెండును ఒకదాని నొకటి చంపుకొనును; మృదంగము, తంబుర వంటి మంద్రధ్వనులు ముందుగా పోవును. అందుచేత జిగురు రబ్బరు షీట్లతో కంతలు మూసి, వణకు రేకును బిగించినచో చౌక స్పీకరు సైతము నిండుగా పలుకును. మూయనిచో ఖరీదైనదియు పేలగనే పలుకును. ఎడమ తలుపులో రెండు తీగలు తారుమారుగా నున్నట్లు కూడ అతడు కనిపెట్టెను. అట్లున్నచో కుడిది ముందునకు నెట్టునప్పుడు ఎడమది వెనుకకు లాగును. ఒక్కొక్కదానినే విన్న రెండును నిర్దోషులే; కలసి పాడినప్పుడే మంద్రము మాయమగును. ఇట్టి కాపురములు మేము చూచియున్నాము.

ఇంటికి వచ్చి ఆలోచించుచుండగా సలహాలకు కొదవ లేకపోయెను. బండినే మార్చుమని యొకరు. ఇందులో వాదింపవలసిన దంతగా లేదు. తనిఖీకి నిలిచి, పొగ మితిమీరక నడచు బండిని నాలుగు వ్రేళ్ల స్పంజి పట్టీ చివికినదని విడుచువారు, పంటినొప్పికి తల మార్చుకొనువారే. మరియొక పెద్దలు మాత్రము మమ్ము చిక్కున పెట్టిరి. “బండి గమ్యము చేర్చుటకు. పాట దాని పని కాదు. చెడినది చెడినట్లే యుండనిండు, మౌనము మేలు” అని వారు సెలవిచ్చిరి. వారి జీవితము వారి మాటకు సరిపోవునట్టిదే. కావున ఆ మాటను నవ్వి త్రోసివేయజాలకపోతిమి.

అయినను ఆ వాదమును మే మంగీకరింపలేము. అక్కరకు మించిన దెల్ల పాపమన్నచో ముంగిట ముగ్గు పాపము, గుమ్మమునకు పసుపు పాపము. గరగరలాడు పాటను సహించుట వైరాగ్యము కాదు; అది వట్టి యలసత్వము. వైరాగ్యమైనచో మీట త్రిప్పకయే యుండవలెను. మేము త్రిప్పుచు, గరగర విని విసుగుకొని, ఆపి, మరునాడు మరల త్రిప్పుచుంటిమి. అందులో తపస్సేమియు లేదు.

కాని యా పెద్దల మాటకు వేఱొక ప్రక్క కలదు. అది మమ్ము పొడిచినది. ఒక రాత్రి మేము కాగితము తీసికొని పద్దు వ్రాయ మొదలిడితిమి. ముందు తలుపులకు రెండు స్పీకర్లు, కంతలకు షీట్లు. ఇవి రెండు పంక్తులు. మూడవ పంక్తిలో వెనుక పలకకు అండాకారపు స్పీకర్లు. నాలుగవ దానిలో, ఇన్నింటికి రేడియో శక్తి చాలదు గనుక, ఆంప్లిఫయరు. అయిదవ దానిలో దానికి లావు తీగలు. ఆరవ దానిలో డిక్కీలో మంద్రపు పెట్టె. ఏడవ దానిలో పెద్ద బ్యాటరీ. ఒక్క పంక్తియు దాని పై పంక్తిని బట్టి అన్యాయము కాదు. ప్రతిదియు ముందుదానికి న్యాయమైన సంతానమే. చివర కూడిక చూడగా బండి నమ్మిన వచ్చు సొమ్ములో సగమునకు పైబడినది! ఎండుటాకుల గరగర మాన్పుటకై బయలుదేరిన కలము ఏ పంక్తికడ దారి తప్పినదో వెదకితిమి, దొరకలేదు.

ధ్వనిశాస్త్రము ఇందుకొక లెక్క చెప్పుచున్నది. వాట్లు రెట్టించినచో ధ్వని పెరుగుట కేవలము 3 డెసిబెళ్లు. చెవి దానిని కొంచెము హెచ్చుగా మాత్రమే గుర్తించును. రెండింత లైనదని చెవికి తోచవలెనన్న సుమారు 10 డెసిబెళ్లు పెరుగవలెను. అనగా వాట్లు పదిరెట్లు కావలెను. సుఖము రెండింతలు, వెల పదింతలు. మరల రెండింతలు కావలెనన్న నూరింతలు. యయాతి కొడుకు యౌవనమును అడిగి తీసికొన్నను తృప్తి యేల కలుగలేదో ఈ లెక్క తెలిసినవారికి వింత కాదు. చెవియు ఊరకుండదు. దినమునకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లకు మించిన ధ్వని వినికిడికి ముప్పనియు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగుచుండుననియు వైద్యవిధులు చెప్పుచున్నవి. మరింత వినవలెనను కోరిక తుదకు వినుటనే తినివేయును.

ఈ యంత్రము పుట్టుకలోనే యీ జాఱుడు ఉన్నట్లు తోచుచున్నది. 1915లో కాలిఫోర్నియాలోని నాపా పట్టణమున జెన్సెన్, ప్రిధామ్ అను నిద్దరు మొదట మేలైన టెలిఫోను చెవిపనిముట్టునకై యత్నించిరి. ఒక చెవికని మొదలిడిన తీగచుట్టకు తరువాత బాకా తగిలింపగా, అది యూరికంతకు వినబడినది. వారు దానికి లాటిను భాషలో పెద్దగొంతు అను నర్థము వచ్చునట్లు మాగ్నవాక్స్ అని పేరిడిరి. 1925లో రైస్, కెల్లాగ్ అనువారు కాగితపు గరాటును కుదిర్చిరి. మా తలుపులోనిది నేటికిని ఆ వంశపుదే. 1930లో మోటరోలా రేడియో కార్లలోనికి వచ్చినప్పుడు, నడుపువాని దృష్టి చెదరునని దానిని నిషేధింపవలెనను వాదము అమెరికాలో లేచినది. ఆ వాదము ఓడినది. అది పూర్తిగా తప్పని మాత్రము మేము చెప్పజాలము.

బండి వెలుపలి వారి సంగతి తడవకపోరాదు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దుగా విధించినవి. రాత్రి పది మొదలు ఉదయ మారు వరకు లౌడుస్పీకర్లను కట్టివేసినవి. విమానాశ్రయపు ప్రహరీ చెంత నున్న పల్లెలవారు తాము కోరితెచ్చుకొనని మ్రోతను తలమీద మోయుచున్నారు. అచ్చటి కూడలిలో ఒక సాయంకాలము మా ముందున్న బండి అద్దములు దించి, డిక్కీ దడదడలాడ పాట వేసినది. ప్రక్కన అరుగుమీద నొక ముసలమ్మ మనుమనికి అన్నము తినిపించుచు, రెండు చెవులను చేతులతో మూసికొనజాలక, ఒక చెవిని భుజమునకు ఆనించుకొన్నది. విమానమును ఆపుమని ఆమె యెవరి నడుగగలదు? ఆ బండివాని నడుగవచ్చును, అడుగలేదు. విమానమువలెనే అదియు తన చేతిలో లేనిదని ఆమె నిశ్చయించుకొన్నట్లుండెను. ఇంటికి వచ్చి మా పద్దులో ఆరవ పంక్తిని మొట్టమొదట కొట్టివేసితిమి. దానితో ఏడవది, అయిదవది, నాలుగవది తామే రాలిపోయినవి.

మిగిలినది మొదటి రెండు పంక్తులు. మూడవదానికై రెండు దినములు కొట్టుకొంటిమి. వెనుక సీటులో ఇప్పుడు కూర్చుండువా రెవరని మా గృహిణి యడిగినది. దానిని కూడ కొట్టివేసితిమి.

స్పీకర్లు పెట్టించితిమి, కంపెనీ వానికంటె మేలైనవే, వెల కొంచె మెక్కువే. కంతలు మూయించితిమి. తీగలు సరిచేయించితిమి. తంబుర తంబురవలె వినబడినది. దుకాణమునుండి ఆరాంఘరు వరకు మే మిద్దరమును ఒక్క మాటయు ఆడలేదు. పాట యంత బాగుండెను. అక్కడనే మాకు సందేహము పుట్టినది. ఆనాటి రాత్రి మేము మీట త్రిప్పినది సంగీతముమీది యాశచేత కాదు. అమ్మాయి లేని బండిలోని నిశ్శబ్దము భరింపలేక త్రిప్పితిమి. ఆ నిశ్శబ్దములో ఒకరితో నొకరము చెప్పుకొనవలసినది ఏదో యుండెను. గరగర పుణ్యమా యని దాని నప్పుడు తప్పించుకొనలేకపోతిమి. ఇప్పుడు చక్కని తంబుర దొరకినది గనుక సుఖముగ తప్పించుకొనవచ్చును. ఈ పంక్తి మా పద్దులో లేదు.

అరువది, డెబ్బది వేగమున పోవు పాత బండిలో చక్రముల హోరే సుమారు 70 డెసిబెళ్లుండును. ప్రక్క సీటులోని మనిషి గొంతు హెచ్చింపక మాటాడినచో ఆ హోరులో చెవికి అందుటయే కష్టము. దానిపై పాట యొకటి. మా మీటకు నలుబది అంకెలు గలవు. పదుకొండు వరకు ఆమె మాట మాకు వినబడుచున్నది, పండ్రెండున వినబడదు. ఇది ఎట్లు తెలిసినదన, వంతెనదారి యెక్కిన పిమ్మట ఆమె యేమో యన్నది. మాకు పెదవులు కదలుట మాత్రమే కనబడినది. మీట తగ్గించి, “ఏమన్నావు?” అని యడిగితిమి.

“ఏమీ లేదండీ. దానికి అక్కడ ఇప్పుడు పొద్దున్నే కదా, లేచి ఉంటుందా అంటున్నాను” అన్నది.

తక్కిన దారి యంతయు ఆ సంగతియే మాటాడుకొంటిమి.