చూపకపోవడం సాక్ష్యమవుతుందా?

2007 జులైలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం సాగుతుండగా, టి-మొబైల్ జట్టు సభ్యుడొకరు అంతకుముందు శిక్షణ కాలంలో ఇచ్చిన నమూనాలో, నిషేధిత ఉత్ప్రేరకంగా వాడే టెస్టోస్టెరాన్ మోతాదు మించిందని తేలడంతో, జర్మనీ ప్రజాప్రసార సంస్థలైన ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ ప్రత్యక్ష ప్రసారాన్ని మధ్యలోనే నిలిపివేశాయి. ఫ్రెంచి టెలివిజన్ మాత్రం యథావిధిగా చూపింది. ఒకే అధర్మం ఎదురైనప్పుడు చూపడం ధర్మమా, చూపకపోవడం ధర్మమా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది.

అద్వైతంలో సాక్షి అంటే సమస్తాన్నీ ప్రకాశింపజేస్తూ దేనికీ అంటని చైతన్యం. టెలివిజన్‌కు ఆ నిర్లిప్తత లేదు. రోడ్డు పక్కన నిలిచి చూసేవారికి టికెట్టు ఉండదు కనుక జట్లు ప్రధానంగా ప్రాయోజకుల సొమ్ముతోనే నడుస్తాయి. ఆ ప్రాయోజకులు కొనేది జెర్సీ మీది తమ పేరు తెరపై కనిపించే క్షణాలను. హెలికాప్టర్ల నుంచీ, పోటీదారుల పక్కనే సాగే మోటారుసైకిళ్ల వెనుక కూర్చున్న కెమెరామన్ల నుంచీ వచ్చే దృశ్యాలు దాదాపు అన్ని దేశాలకూ అవే అయినా, వాటిని ప్రసారం చేసే ప్రతి సంస్థా ఆ పోషణలో భాగస్వామి, అంటే కర్త. ఆ కర్తృత్వాన్ని ఒప్పుకోవడమే జర్మన్ నిర్ణయంలోని గొప్పతనం.

అయినా అది చాలదు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి ప్రకారం ఆప్తుడు, అంటే నమ్మదగిన వక్త, విషయాన్ని ఉన్నదున్నట్టు ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలన్న సంకల్పం కలవాడు. మౌనం వహించినవాడు అబద్ధమాడడు కానీ ఆప్తుడూ కాడు. పైగా తప్పు చేయని పోటీదారుల శ్రమ కూడా ఆ మౌనంలో మరుగునపడింది, ఖాళీ అయిన స్థానంలోకి ఒక వాణిజ్య చానల్ వెంటనే ప్రవేశించింది. పందెంతోపాటు ఉత్ప్రేరకాల సంగతినీ దాచకుండా వినిపించే వ్యాఖ్యానమే ఆప్తవాక్యానికి చేరువ. ఆ మౌనం కూడా నిలవలేదు: 2011 తరువాత మరోసారి వైదొలగిన ఏఆర్‌డీ, 2015లో ప్రత్యక్ష ప్రసారానికి తిరిగి వచ్చింది.