లెక్కకు అందని ప్రయాణికుడు

నగర రవాణా ప్రణాళికలో 1950ల నుంచి వాడుకలో ఉన్నది నాలుగంచెల నమూనా. ఎక్కడ ఎన్ని ప్రయాణాలు మొదలవుతాయి, ఎటు సాగుతాయి, ఏ వాహనంలో, ఏ దారిలో అని అది వరుసగా అంచనా కడుతుంది. ఆ అంచనాల ఆధారంగా, కొత్త మార్గం వల్ల ఆదా అయ్యే సమయానికి డబ్బు విలువ కడతారు. ఆ విలువను ఆదాయానికి ముడిపెడితే ఇంటిపనివాళ్ల గంట కన్నా మేనేజరు గంట ఖరీదవుతుంది. అందరికీ ఒకే సగటు వాడితే ఈ తేడా పోతుంది. కానీ ఆ ఎంపిక గణితం చేసేది కాదు, ధర్మవిచారణ చేసేది.

అమెరికాలోని హ్యూస్టన్ ఈ సంగతిని దాచలేదు. 2015 ఆగస్టులో బస్సు మార్గాలను ఒక్కసారిగా మార్చింది. అంతకుముందే, సర్వీసులో 80 శాతం జనం ఎక్కువగా ఎక్కే మార్గాలకు, 20 శాతం పలచటి ప్రాంతాలకు అని రవాణా బోర్డు తేల్చింది. ఎక్కువమందికి ఎక్కువ మేలు అన్న తత్వవేత్త బెంథామ్ ప్రకారం చూస్తే మొదటి భాగాన్ని ఇంకా పెంచాలి. జాన్ రాల్స్ 1971లో ప్రతిపాదించిన న్యాయసిద్ధాంతం మాత్రం అందరికన్నా వెనుకబడినవారి స్థితి నుంచి చూడమంటుంది. ఆంగ్ల రచయిత రస్కిన్ పుస్తకం ఒకదాన్ని 1908లో ‘సర్వోదయ’గా గుజరాతీలోకి తెచ్చిన గాంధీ కూడా ఎక్కువమంది మేలుతో సరిపెట్టుకోలేదు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. నమూనా జరిగిన ప్రయాణాలనే ఎంచుతుంది. బస్సు లేక ఆసుపత్రికి వెళ్లని వృద్ధురాలు అందులో సున్నా. సున్నాను గిరాకీ లేమిగా చదివితే అక్కడికి బస్సు ఎన్నటికీ రాదు. సర్వేలో మానుకున్న ప్రయాణాల గురించి కూడా అడిగితే ఈ లోపం కొంత తగ్గుతుంది.