‘సారీ’ యను మాట

ఉదయము మొదలు రాత్రి వరకు మన పిల్లల నోట వినవచ్చు ఆంగ్లపదములలో ‘సారీ’ యనునది యొకటి. బస్సులో కాలు త్రొక్కినను సారీయే, బాకీ గడువు తప్పినను సారీయే, ఎదుటివారి మాట వినబడకున్నను సారీయే. వీధిలో కన్నడము, కార్యాలయములో ఆంగ్లము, ఇంట తెలుగు మాటలాడు మన బళ్ళారి వంటి ఊళ్ళలో మూడు చోట్లను చెల్లు నాణెమిది. ఇంత సులభముగా చెల్లు నాణెమునకు విలువ యెంత?

పుట్టుకను బట్టి యిది తేలిక మాట కాదు. ప్రాచీనాంగ్లములో ‘సార్’ అనగా నొప్పి, గాయము. దానినుండి వచ్చిన ‘సారిగ్’ అనగా నొప్పితో నిండినవాడు. అదియే నేటి సారీ. పుండు అను అర్థముగల ‘సోర్’ దీనికి తోబుట్టువు. దుఃఖమను అర్థముగల ‘సారో’ కూడ దీనికి చుట్టమే యనిపించును గాని, అది ‘సోర్గ్’ అను వేరు మాటనుండి వచ్చినది. ఒకే వీధిలో చిరకాలము కాపురమున్న రెండు కుటుంబములవలె వానికి పోలిక కలిగినది.

ఈ మాటలో ఒక చిక్కు కలదు. తప్పు చేసినవాడును సారీ యనును. పరుల యింట చావు జరిగినప్పుడు పరామర్శకు పోయినవాడును సారీ యనును. నొప్పి యున్నదని యిది చెప్పును గాని, తప్పెవరిదో చెప్పదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమువారు 2009లో చేసిన చట్టము ప్రకారము క్షమాపణ చెప్పినంతమాత్రమున బాధ్యత నంగీకరించినట్లు కాదు. న్యాయస్థానమునకు అది సరిపోవచ్చును. మనస్సాక్షికి సరిపోవునా?

మన ‘మన్నించు’ అను మాట తీరు వేరు. దానికి గౌరవించుట, క్షమించుట యని రెండర్థములు. మన్నింపుమనగా నిర్ణయమును ఎదుటివారి చేతిలో బెట్టుట. తప్పు నాదని యొప్పుకొననిదే ఆ మాట నోట రాదు.

ఇది మాకు పుస్తకములవలన తెలిసినది కాదు. 1996లో మేము గుమస్తాగా నుండగా, మరణించిన యొక బంట్రోతు కుటుంబ పెన్షను తొమ్మిది నెలలు నిలిచిపోయినది. అతడు ఉద్యోగములో చేరిన సంవత్సరము 1971 కాగా, 1977 అని యెక్కించినది మేమే. ఆ సంగతి తెలిసి దిద్దితిమి గాని బయటపెట్టలేదు. ఆయన భార్య, తెలుగు తల్లియే, కుమారునితో వచ్చి మా బల్లయెదుట నిలిచినప్పుడు “సారీ” అంటిమి. కుమారుడు తల్లికి అర్థము చెప్పెను: “మన కష్టం చూసి సారుకు బాధగా ఉందమ్మా.” ఆమె “చల్లగా ఉండు నాయనా” యని దీవించినది. ఆ దీవెనను మేము తలవంచి పుచ్చుకొంటిమి.

ఉద్యోగవిరమణానంతరము వారి యింటికి పోయి, తప్పు మాదని చెప్పి, తెలుగులోనే మన్నింపు కోరితిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. తరువాత, “ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే, కాగితాలు సరిగా పెట్టుకోలేదని ఆ చచ్చిపోయిన మనిషిని ఇన్నేళ్ళూ తిట్టుకునేవాళ్ళం కాదు గదా” యనినది. మన్నించితినని ఆమె యనలేదు, మే మడుగలేదు.

అందుచేత సారీ యను మాట వ్యర్థమని మా వాదము కాదు. ఆస్ట్రేలియాలో ఆదివాసుల బిడ్డలను ప్రభుత్వము కుటుంబములనుండి వేరుచేసిన అన్యాయమునకు, 1998 నుండి ఏటేట ‘సారీ దినము’ పాటింపబడుచున్నది. ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో ఆ మాట పలికినది 2008 ఫిబ్రవరి 13న. ఆ యొక్క మాటకై అంతకాలము నిరీక్షించినవారికి అది చిన్నమాట కాదు. తప్పెవరిదో దానితోబాటు చెప్పబడినది గనుక.

కావున మన బిడ్డలు సారీ యనుట మానవలెనని మేము కోరము. సారీ యన్న వెంటనే ‘తప్పు నాది’ యను రెండు మాటలు ఏ భాషలోనైనను చేర్చుట నేర్పుదము. అవి చేరనంతవరకు, నొప్పి చెప్పువానిది కాదు, వినువానిదే.